తెర వెనుక ద్వారపాలకుడు

కళాశాల కంప్యూటర్ ప్రయోగశాలలో ఒక యంత్రం ముందు కూర్చున్నారనుకోండి. స్విచ్ వేశారు. కాసేపు తెర మీద ఏవో అక్షరాలు పరుగెత్తాయి. ఆ తరువాత తెర మధ్యలో ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమైంది. అందులో రెండే ప్రశ్నలు: మీ పేరేమిటి? మీ పాస్‌వర్డ్ ఏమిటి? మీరు జవాబులు కొట్టారు. పాస్‌వర్డ్ అక్షరాలు కనబడకుండా చుక్కలు మాత్రమే పడ్డాయి. తలుపు తెరుచుకుంది. మీరు రోజూ చేసే పనే ఇది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇలాంటి వ్యవస్థలలో ఏ ప్రోగ్రాం నడిచినా అది ఎవరో ఒకరి పేరు మీద, ఎవరో ఒకరి అధికారంతో నడవాలి. మీరింకా లోపలికి వెళ్లనే లేదు. లోపల మరెవరూ లేరు. మరి ఆ పెట్టెను తెర మీద గీసింది ఎవరు? మీ రహస్యాన్ని అడిగే హక్కు దానికి ఎవరిచ్చారు?

ఆ పెట్టె వెనుక ఉన్న ప్రోగ్రాంను 'డిస్‌ప్లే మేనేజర్' అనీ, 'లాగిన్ మేనేజర్' అనీ అంటారు. మన భాషలో చెప్పాలంటే ద్వారపాలకుడు. వైకుంఠం వాకిట నిలిచిన జయవిజయుల కథ మీకు తెలిసిందే. రానివ్వవలసిన సనకాది మునులను అడ్డగించి వారు శాపం తెచ్చుకున్నారు. ద్వారపాలకుడు చేయగల తప్పు అదొక్కటే కాదు. రానివ్వకూడని వాడిని రానివ్వడం రెండో తప్పు. కంప్యూటర్ వాకిట మూడో ప్రమాదం కూడా ఉంది. అసలు ద్వారపాలకుడి వేషంలో వేరొకడు నిలబడి మిమ్మల్ని ప్రశ్నలు అడగడం! ఈ మూడింటినీ తప్పించడానికి అరవై ఏళ్లకు పైగా జరిగిన ప్రయత్నమే ఆ చిన్న పెట్టె చరిత్ర.

గంటల లెక్క కోసం పెట్టిన తాళం

1950లలో కంప్యూటర్ ఒకసారికి ఒకరి పనే చేసేది. కార్డులకు రంధ్రాలు పొడిచి, ఆ కట్టను ఆపరేటర్‌కు ఇచ్చి, ఫలితం కోసం గంటల కొద్దీ ఎదురుచూడాలి. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ)లో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961 నవంబరులో ఒక కొత్త పద్ధతిని ప్రదర్శించింది. దాని పేరు సీటీఎస్ఎస్. ఒకే యంత్రం అనేకమంది మధ్య తన కాలాన్ని తునకలు తునకలుగా పంచుతుంది. యంత్రం మొత్తం తన ఒక్కడిదే అన్నట్టు ఎవరికి వారికి అనిపిస్తుంది.

పంచుకోవడం మొదలవగానే పేచీ కూడా మొదలైంది. ఎవరి ఫైళ్లు ఎవరివి? ఎవరు ఎంతసేపు వాడుకున్నారు? ప్రతి ఒక్కరికీ కొంత కాలం కేటాయించారు కనుక లెక్క చూడాలి. లెక్క చూడాలంటే వచ్చింది ఎవరో తెలియాలి. అందుకు కోర్బాటో బృందం ఎంచుకున్న ఉపాయమే పాస్‌వర్డ్. గమనించండి, ఆ మొదటి తాళం నిధికి వేసింది కాదు. ఎవరి వాటా వారికి దక్కడం కోసం వేసింది.

తాళం వేసిన మరుసటి ఏడాదే దొంగతనం జరిగింది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తనకిచ్చిన కాలం చాలలేదు. 1962లో ఆయన పాస్‌వర్డ్‌ల ఫైలును అచ్చు వేయమని కోరుతూ ఒక కార్డు పొడిచి ఇచ్చారు. యంత్రం అమాయకంగా అచ్చు వేసి ఇచ్చింది. ఇతరుల పేర్లతో లోపలికి వెళ్లి ఆయన తన పని కానిచ్చుకున్నారు. ఈ సంగతిని సుమారు 25 ఏళ్ల తరువాత ఆయనే బయటపెట్టారు.

1966లో ఇంకా చిత్రమైన ఘటన జరిగింది. లోపలికి వచ్చినవారందరికీ ఆ రోజు ప్రకటన ఒకటి కనబడేది. ఒక నిర్వాహకుడు ఆ ప్రకటనను సవరిస్తున్నాడు. అదే సమయంలో మరొకరు పాస్‌వర్డ్‌ల ఫైలును సవరిస్తున్నారు. సవరణ ప్రోగ్రాం ఇద్దరికీ ఒకే పేరుతో తాత్కాలిక ఫైలును వాడింది. ఒకటి పోయి మరొకటి వచ్చింది. ఇంకేముంది, ఆ తరువాత వచ్చిన ప్రతివారికీ ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డ్‌లూ దర్శనమిచ్చాయి! తాళం ఎంత గట్టిదైనా తాళంచెవులను ఒకే గుత్తిగా, అందరికీ కనబడే రూపంలో దాచడం ఎంత ప్రమాదమో ఈ రెండు ఘటనలూ చెప్పాయి.

యూనిక్స్ వాకిట ముగ్గురు

1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ వ్యవస్థ వాకిట కాపలా పనిని ముగ్గురికి పంచింది. మొదటివాడు 'ఇనిట్'. యంత్రం మేల్కొనగానే పుట్టే తొలి ప్రోగ్రాం ఇదే. ఇది ఒక్కొక్క టెర్మినల్ దగ్గరా 'గెటీ' అనే రెండో ప్రోగ్రాంను నిలబెడుతుంది. గెటీ మీ పేరు అడిగి తీసుకుని 'లాగిన్' అనే మూడో ప్రోగ్రాంకు అప్పజెబుతుంది. లాగిన్ మీ పాస్‌వర్డ్ సరిచూస్తుంది.

మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఈ ముగ్గురూ 'రూట్' అనే సర్వాధికారి పేరు మీద నడుస్తారు. పాస్‌వర్డ్ సరిపోగానే లాగిన్ ప్రోగ్రాం ఒక ముఖ్యమైన పని చేస్తుంది. తన సర్వాధికారాన్ని వదులుకుని, మీకున్న కొద్దిపాటి అధికారంతో మీ ప్రోగ్రాంను మొదలుపెడుతుంది. మీరు పని ముగించి వెళ్లగానే ఇనిట్ మళ్లీ కొత్త గెటీని నిలబెడుతుంది. అధికారంతో మొదలై, అధికారం విడిచి పక్కకు తప్పుకోవడమే మంచి ద్వారపాలకుడి లక్షణం. ఈ సూత్రం గుర్తుంచుకోండి. కథలో మళ్లీ మళ్లీ వస్తుంది.

తాళంచెవుల గుత్తి సంగతి కూడా యూనిక్స్ ఆలోచించింది. రాబర్ట్ మోరిస్, థాంప్సన్ 1979లో ప్రచురించిన వ్యాసంలో తమ పద్ధతిని వివరించారు. పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచరు. దాన్ని తిరగదోడడానికి వీల్లేని గణితప్రక్రియలో 25 సార్లు తిప్పి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే దాచుతారు. దానికి ముందు ఒక చిటికెడు 'ఉప్పు' కూడా కలుపుతారు. నిజంగా దాని పేరు ఉప్పే! 4,096 రకాల ఉప్పులలో ఏదో ఒకటి కలవడం వల్ల ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా దాచిన ఫలితాలు దాదాపు ఎప్పుడూ వేరువేరుగా ఉంటాయి. వారు 3,289 పాస్‌వర్డ్‌లను పరిశీలిస్తే 2,831, అంటే 86 శాతం, సులువుగా ఊహించదగినవని తేలింది. మరీ పొట్టివో, నిఘంటువులో దొరికేవో అన్నమాట. మనిషి బద్ధకాన్ని ఏ గణితమూ పూర్తిగా పూడ్చలేదు.

బొమ్మల తెర వచ్చాక

1983లో ఎంఐటీ 'ఎథీనా' అనే పథకం మొదలుపెట్టింది. విద్యార్థులందరికీ కంప్యూటర్లు అందుబాటులోకి తేవడం దాని ఆశయం. ఆ వాతావరణంలో 1984లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటీస్ కృషితో 'ఎక్స్ విండో' వ్యవస్థ రూపుదిద్దుకుంది. తెర మీద కిటికీలు, మౌస్, బొమ్మలు వచ్చాయి. 1987లో దాని 11వ రూపం విడుదలైంది.

అయితే వాకిలి మాత్రం పాతదే. ముందు అక్షరాల తెర మీద పేరు, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళ్లాలి. తరువాత ఒక ఆదేశం కొట్టి బొమ్మల తెరను తెప్పించుకోవాలి. ఇందులో ఒక ఇబ్బంది దాగి ఉంది. బొమ్మల తెర ఏ కారణంగానో కూలిపోతే, దాని వెనుక మీరు తెరిచి ఉంచిన అక్షరాల తెర బయటపడుతుంది. మీరు టీ తాగడానికి వెళ్లి ఉంటే, పక్కనున్న వాడు మీ పేరు మీద ఏమైనా చేయవచ్చు. ముందు గదికి తాళం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచినట్టే.

ఇంతలో 'ఎక్స్ టెర్మినల్' అనే కొత్త యంత్రాలు బజారులోకి వచ్చాయి. వాటిలో తెర, కీబోర్డు, మౌస్, బొమ్మలు గీసే తెలివి తప్ప మరేమీ ఉండవు. అసలు పనంతా నెట్‌వర్క్‌లో ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ చేస్తుంది. ఇలాంటి యంత్రంలో అక్షరాల తెరే లేదు. మరి లోపలికి వెళ్లడమెలా? బొమ్మల తెర మీదే ప్రశ్నలడిగే ద్వారపాలకుడు కావాలి.

ఆ పనికి కీత్ ప్యాకార్డ్ రాసిన ప్రోగ్రాం 'ఎక్స్‌డీఎం'. 1988 అక్టోబరులో 11వ ఎక్స్ మూడో విడుదలతో పాటు వచ్చింది. మీ ప్రయోగశాలలోని అందమైన లాగిన్ పెట్టెలకు ఇదే మూలపురుషుడు. గెటీ, లాగిన్ చేసే పనులనే ఇది బొమ్మల తెర మీద చేస్తుంది. పని ముగియగానే బొమ్మల తెర మొత్తాన్ని కొత్తగా తెచ్చి మళ్లీ ప్రశ్నల పెట్టె నిలబెడుతుంది. పెరటి తలుపు మూతపడింది.

కొత్తలో దానికి ఒక లోపం ఉండేది. ఏయే టెర్మినళ్లకు కాపలా కాయాలో ఒక ఫైలులో రాసి ఉంచేవారు. ఎక్స్‌డీఎం తాను మొదలైనప్పుడు ఒక్కసారి దాన్ని చదివేది. ఎవరైనా తమ టెర్మినల్‌ను ఆర్పి మళ్లీ వెలిగిస్తే దానికి తెలిసేది కాదు. నిర్వాహకుడు వచ్చి 'ఆ జాబితా మళ్లీ చదువు' అని సంకేతమిస్తే తప్ప ఆ తెర మీద పెట్టె వచ్చేది కాదు. రానివ్వవలసిన వారిని వాకిట నిలబెట్టిన జయవిజయుల తప్పే ఇది. 1989 డిసెంబరులో నాలుగో విడుదలతో వచ్చిన 'ఎక్స్‌డీఎంసీపీ' అనే సంభాషణ నియమావళి దీన్ని సరిదిద్దింది. ద్వారపాలకుడు టెర్మినళ్లను వెతుక్కోవడం మాని, టెర్మినలే 'నేను మేల్కొన్నాను, నన్ను చూసుకునే వారున్నారా?' అని నెట్‌వర్క్‌లో కేక వేసే పద్ధతి వచ్చింది.

ఎవరి పేరు మీద ఏ పని?

ద్వారపాలకుడికి ఆజ్ఞలిచ్చే పనిని ఇంగ్లీషులో 'కాన్ఫిగర్' చేయడం అంటారు. ఎక్స్‌డీఎం ఆజ్ఞలన్నీ మామూలు అక్షరాల ఫైళ్లలో ఉంటాయి. వాటిని చదివితే లాగిన్ అనే చర్య నిజంగా ఎలా జరుగుతుందో విప్పి చూసినట్టవుతుంది. అందులో నాలుగు ఘట్టాలున్నాయి.

మొదటి ఘట్టం 'ఎక్స్‌సెటప్'. పెట్టె కనబడక ముందు తెరను సిద్ధం చేసే ఆజ్ఞలివి: వెనుక రంగు, బొమ్మ వగైరా. ఇది రూట్ అధికారంతో నడుస్తుంది. రెండోది 'ఎక్స్‌స్టార్టప్'. పాస్‌వర్డ్ సరిపోయిన తరువాత, మీరు లోపలికి అడుగుపెట్టే ముందు నడుస్తుంది. మీరు వచ్చిన సమయాన్ని పుస్తకంలో రాయడం, మీ ఫైళ్లున్న చోటును జతచేయడం వంటి పనులు ఇక్కడ పెట్టవచ్చు. ఇదీ రూట్ అధికారంతోనే. మూడోది 'ఎక్స్‌సెషన్'. ఇది మీ అధికారంతో నడుస్తుంది. మీ కిటికీలన్నీ తెరిచేది ఇదే. ఇది ముగిసిందంటే మీ పని ముగిసినట్టు. నాలుగోది 'ఎక్స్‌రీసెట్'. మీరు వెళ్లిన తరువాత ఊడ్చి సర్దే పని. మళ్లీ రూట్ అధికారం.

ఈ వరుసలో ఒక పాఠముంది. అలంకరణ కోసమని మొదటి ఘట్టంలో ఎవరైనా ఒక గడియారం బొమ్మ పెట్టారనుకుందాం. పరవాలేదు. కానీ మెనూలున్న ప్రోగ్రాం ఒకటి పెట్టి, ఆ మెనూలో 'కొత్త కిటికీ తెరువు' అనే ఆదేశం ఉంటే ఏమవుతుంది? పాస్‌వర్డ్ చెప్పకుండానే, వాకిట నిలబడిన ఎవరైనా సర్వాధికారి అయిపోతారు! అందుకే ఏ ఆజ్ఞ రాసినా 'ఇది ఎవరి అధికారంతో నడుస్తుంది?' అని ముందుగా ప్రశ్నించుకోవాలి.

మరొక చక్కని ఏర్పాటు కూడా చూడండి. మీ సొంత ఏర్పాట్ల ఫైలులో తప్పు రాసుకున్నారనుకోండి. లోపలికి వెళ్లగానే అది ఆగిపోతుంది. వెంటనే బయటికి వచ్చి పడతారు. తప్పు దిద్దాలంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే తప్పు దిద్దాలి! ఎక్స్‌డీఎంతో వచ్చే మామూలు అమరికలో పాస్‌వర్డ్ కొట్టాక ఎంటర్‌కు బదులు ఎఫ్1 నొక్కితే, మీ ఏర్పాట్లను పక్కన పెట్టి ఒకే ఒక్క సాదా కిటికీ తెరుస్తుంది. అందులో కూర్చుని తప్పు దిద్దుకోవచ్చు. తప్పు చేసిన వాడికి దారి చూపడం కూడా ద్వారపాలకుడి ధర్మమే.

ఒక్క చుక్క గుర్తు తేడా

ఏయే యంత్రాలకు తలుపు తీయాలో 'ఎక్స్‌యాక్సెస్' అనే ఫైలు చెబుతుంది. అందులో ఒక వరుసలో ఒక్క నక్షత్రం గుర్తు పెడితే 'ఎవరడిగినా పెట్టె చూపించు' అని అర్థం. ఆ గుర్తు తీసేసి ప్రయోగశాలలోని యంత్రాల పేర్లు మాత్రమే రాస్తే తలుపు ఆ గదికే పరిమితమవుతుంది. ప్రపంచానికీ ఒక గదికీ మధ్య తేడా ఒకే ఒక్క అక్షరం!

లోపలికి వచ్చిన తరువాత కూడా కాపలా అవసరమే. మీ తెర మీద బొమ్మ గీయడానికి ఏ ప్రోగ్రాంకు అనుమతి ఉంది? దీనికోసం నాలుగో విడుదలలో 'మ్యాజిక్ కుకీ' అనే పద్ధతి వచ్చింది. మీరు లోపలికి వెళ్లగానే ద్వారపాలకుడు ఊహకందని 128 బిట్‌ల సంఖ్య ఒకటి తయారుచేసి, తెరకు చెప్పి, మీరొక్కరే చదవగల ఫైలులో ఉంచుతాడు. ఆ సంఖ్య చూపిన ప్రోగ్రాంకే తెర దక్కుతుంది. తిరునాళ్లలో చెప్పులు వదిలినప్పుడు ఇచ్చే టోకెన్ లాంటిదన్నమాట.

ఇంత చేసినా ఒక కన్నం మిగిలిపోయింది. టెర్మినల్ నుంచి పెద్ద కంప్యూటర్ దాకా మీరు నొక్కిన ప్రతి అక్షరమూ తీగ మీద బాహాటంగా ప్రయాణించేది. దారిలో చెవి ఒగ్గిన వాడికి పాస్‌వర్డ్ వినబడుతుంది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఇలాంటి చౌర్యం జరిగింది. అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ దానికి విరుగుడుగా 'ఎస్ఎస్‌హెచ్' అనే రహస్య మార్గాన్ని నిర్మించారు. ఆ తరువాత దూరపు యంత్రాలలోకి వెళ్లేవారు క్రమంగా ఆ మార్గానికి మారారు.

ముఖాల వరుస

1990ల చివరికి లినక్స్ వ్యవస్థ ఇళ్లలోని కంప్యూటర్లలోకి వచ్చింది. వాటి వాడుకరులకు ఎక్స్‌డీఎం బోసి పెట్టె నచ్చలేదు. కేడీఈ పథకం వారు 'కేడీఎం'ను, గ్నోమ్ పథకం వారు 'జీడీఎం'ను తయారుచేశారు. వీటిలో వాడుకరుల పేర్లు, పక్కన చిన్న ముఖచిత్రాలు వరుసగా కనబడే ఏర్పాటు వచ్చింది. మీ బొమ్మ మీద నొక్కి పాస్‌వర్డ్ కొడితే చాలు.

ఇంట్లో అది ఎంతో బాగుంటుంది. అమ్మ, నాన్న, చెల్లి, మీరు: నలుగురి బొమ్మలు. కానీ అదే వరుసను కళాశాలలో ఊహించండి. వందల పేర్లు తెర మీద బారులు తీరతాయి. అంతకంటే ముఖ్యం, దారిన పోయే ప్రతివాడికీ లోపల ఎవరెవరున్నారో తెలిసిపోతుంది. లోపలికి వెళ్లడానికి పేరు, పాస్‌వర్డ్ రెండూ కావాలి కదా. సగం రహస్యం తెర మీదే దొరికింది! అందుకే ఈ జాబితాను దాచే ఏర్పాటు కూడా ఉంచారు. ఏమీ అడగకుండా ఒకరి పేరు మీద నేరుగా లోపలికి తీసుకెళ్లే ఏర్పాటు సంగతీ అంతే. గ్రంథాలయంలో పుస్తకాల సూచిక చూపే యంత్రానికి అది సౌకర్యం. మార్కుల జాబితా ఉన్న యంత్రానికి అపాయం. ఏది సరైనదో ప్రోగ్రాం తేల్చలేదు. అక్కడి మనుషులెవరో, వారి అవసరమేమిటో తెలిసిన నిర్వాహకుడే తేల్చాలి.

మారువేషం

ఇప్పుడు మూడో ప్రమాదానికి వద్దాం. ఒక ఆకతాయి విద్యార్థి తన పేరుతోనే లోపలికి వెళ్లాడు. లాగిన్ పెట్టెను అచ్చుగుద్దినట్టు పోలిన బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాం రాసి, నడిపి, మెల్లగా లేచి వెళ్లిపోయాడు. తరువాత మీరు వచ్చి కూర్చున్నారు. పేరు, పాస్‌వర్డ్ కొట్టారు. 'పాస్‌వర్డ్ తప్పు' అని వచ్చింది. వేలు జారి ఉంటుందనుకున్నారు. ఈలోగా నకిలీ ప్రోగ్రాం మీ రహస్యాన్ని దాచుకుని తాను తప్పుకుంది. అసలు పెట్టె వచ్చింది. ఈసారి లోపలికి వెళ్లారు. మీకు అనుమానమే రాలేదు.

సీతమ్మ భిక్ష తెచ్చినప్పుడు వాకిట ఉన్నది సన్యాసి రూపమే. రూపాన్ని చూసి నమ్మడం కుదరదు, ఎందుకంటే రూపాన్ని ఎవరైనా గీయగలరు. మరి యంత్రం తానెవరో మీకు ఎలా రుజువు చేయాలి?

ఉపాయం తెర మీద లేదు, కీబోర్డులో ఉంది. ఏ మామూలు ప్రోగ్రాంకూ అందకుండా నేరుగా వ్యవస్థ గర్భగుడికి చేరే మీటల కలయిక ఒకటి ఉండాలి. దాన్ని నొక్కితే నకిలీలన్నీ పక్కకు తొలగి అసలు ద్వారపాలకుడే రావాలి. దీన్ని 'నమ్మకమైన మార్గం' అన్నారు. అమెరికా రక్షణశాఖ 1985లో ప్రమాణంగా ప్రకటించిన, నారింజ రంగు అట్ట వల్ల 'ఆరెంజ్ బుక్' అని పేరుపడ్డ పుస్తకం ఉన్నత భద్రత గల వ్యవస్థలకు ఇది తప్పనిసరి అంది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 'కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి' అని అడిగింది అందుకే. 1981 నాటి ఐబీఎం పీసీలో యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి డేవిడ్ బ్రాడ్లీ ఏర్పరచిన మీటలవి. మామూలు ప్రోగ్రాంలు వాటిని పట్టుకోలేవు కనుక కాపలాకు పనికొచ్చాయి. లినక్స్‌లోనూ ఇలాంటి మీటల కలయిక ఉంది. నిర్వాహకుడు అనుమతిస్తే అది ఆ తెర మీది ప్రోగ్రాంలన్నిటినీ ఆపి అసలు పెట్టెను తెస్తుంది.

దీనికి పూర్తి వ్యతిరేక ఉదాహరణ విండోస్ 95. అందులోనూ పాస్‌వర్డ్ అడిగే పెట్టె ఉండేది. కానీ 'రద్దు' బొత్తాం నొక్కితే కూడా లోపలికి వెళ్లిపోవచ్చు! నెట్‌వర్క్‌లో మీరెవరో తెలియడానికి, మీ ఇష్టమైన అలంకరణ గుర్తుంచుకోవడానికి మాత్రమే ఆ పెట్టె. గోడ లేని చోట గుమ్మం నిలబెట్టినట్టు! పెట్టె కనబడినంత మాత్రాన కాపలా ఉన్నట్టు కాదన్న పాఠం అది నేర్పింది.

అడిగేవాడు వేరు, తేల్చేవాడు వేరు

అందం పెరిగిన కొద్దీ ప్రోగ్రాం పెద్దదవుతుంది. పెద్దదైన కొద్దీ తప్పులకు చోటు పెరుగుతుంది. సర్వాధికారంతో నడిచే ప్రోగ్రాంలో తప్పు ఉంటే అది సర్వనాశనమే. అందుకే పనిని విడగొట్టారు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు విపిన్ సమర్, రోలాండ్ షెమర్స్ 'పామ్' అనే పద్ధతిని ప్రతిపాదించారు. అంతకుముందు ప్రతి ద్వారపాలకుడూ పాస్‌వర్డ్‌ను తన పద్ధతిలో తానే సరిచూసేవాడు. వేలిముద్రో, కార్డో కొత్తగా పెట్టాలంటే అందరినీ తిరగరాయాలి. పామ్ వచ్చాక ద్వారపాలకుడు 'ఇతన్ని పంపమంటారా?' అని అడుగుతాడు; పామ్ తన కింది విభాగాలను విచారించి జవాబు చెబుతుంది. 'ఈ విద్యార్థులకు సాయంత్రం 6 దాటాక అనుమతి లేదు' అన్న నియమాన్ని కూడా అక్కడే రాయవచ్చు.

తెర మీద పెట్టె గీసే భాగానికి 'గ్రీటర్', అంటే స్వాగతం పలికేవాడు, అని పేరు. జీడీఎం దీన్ని రూట్ అధికారం లేని వేరే పేరు మీద నడిపింది. రాబర్ట్ ఆన్సెల్ రూపొందించిన 'లైట్‌డీఎం'లో గ్రీటర్‌ను పూర్తిగా విడదీసి, ఎవరికి నచ్చిన గ్రీటర్‌ను వారు తగిలించుకునే వీలు కల్పించారు. 2011 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 11.10 దాన్ని స్వీకరించింది. కేడీఈ వారు 2014లో ఐదో ప్లాస్మాకు మారినప్పుడు కేడీఎంను విడిచి 'ఎస్‌డీడీఎం' వైపు వెళ్లారు.

లైట్‌డీఎంతో ఉబుంటులో 'అతిథి' అనే ఏర్పాటు ఉండేది. పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. వెళ్లగానే వారి ఫైళ్లు చెరిగిపోతాయి. అతిథి ముందు గది దాటకుండా ఒక కంచె కట్టారు. వ్యవస్థ లోపలి ఏర్పాట్లు మారినప్పుడు, 16.10 రూపం నుంచి, ఆ కంచె పనిచేయడం మానేసింది. అతిథులు ఇంటివారి ఫైళ్లున్న చోటికి వెళ్లగలిగారు. 2017లో ఈ సంగతి తెలిశాక అతిథి ఏర్పాటునే నిలిపివేశారు. గమనించండి: కంచెను ఎవరూ పడగొట్టలేదు. దాని చుట్టూ ఇల్లు మారింది, కంచె కొత్త ఇంటికి అతకలేదు. ఒకసారి కాపలా పెట్టి మరిచిపోవడం కుదరదని ఇది హెచ్చరిక.

తెలుగు వాకిట

రానివ్వవలసిన వారిని ఆపడమనే మొదటి తప్పు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మన భాషలోనే ఉదాహరణ ఉంది. 1991లో యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు 128 స్థానాల వరుస దక్కింది. 2007లో సీ-డాక్ విడుదల చేసిన 'బాస్' అనే లినక్స్ రూపం భారతీయ భాషలను దృష్టిలో ఉంచుకుని వచ్చింది. లాగిన్ తెర నుంచే 'తెలుగు' అని ఎంచుకుని లోపలికి వెళ్లే వీలు ఏర్పడింది.

అయితే తెలుగు కీబోర్డు అమరికలో ఒక చిక్కు ఉంది. 1986లో ప్రమాణంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఇంగ్లీషు 'కె' మీట నొక్కితే 'క' పడుతుంది. 'హెచ్' మీట నొక్కితే 'ప' పడుతుంది. మీ పాస్‌వర్డ్ ఇంగ్లీషు అక్షరాలలో ఉండి, కీబోర్డు తెలుగులో ఉండిపోయిందనుకోండి. మీ వేళ్లు సరిగానే కొడతాయి, కానీ యంత్రానికి అందేది వేరు. తెర మీద చుక్కలే కనుక మీకు తెలిసే దారి లేదు. ఎన్నిసార్లు కొట్టినా 'తప్పు' అంటుంది. దీనికి పరిష్కారం చిన్నదే: పెట్టె పక్కనే ఇప్పుడు ఏ అమరిక ఉందో చూపించడం, వాకిట మొదట ఏ అమరిక ఉండాలో నిర్వాహకుడు ఆలోచించి నిర్ణయించడం. చూపులేని విద్యార్థి విషయమూ ఇంతే. తెరను చదివి వినిపించే ప్రోగ్రాం లోపలికి వెళ్లాక మొదలైతే లాభమేమిటి? అది వాకిట నుంచే పలకాలి. అందుకే జీడీఎం వంటివి ఆ ఏర్పాటును లాగిన్ తెర మీదే ఉంచాయి.

మీరేం చేయవచ్చు?

ఈసారి ప్రయోగశాలకు వెళ్లినప్పుడు లాగిన్ పెట్టెను కాస్త పరిశీలనగా చూడండి. పేర్ల జాబితా కనబడుతోందా? అక్కడ అది అవసరమా? కీబోర్డు అమరిక తెలుస్తోందా? మీ అధ్యాపకులను అడిగి, వారి సమక్షంలో ఆజ్ఞల ఫైళ్లను చదవండి. సొంత కంప్యూటర్‌లో మార్పులు చేయదలిస్తే ముందు పాత ఫైలుకు నకలు తీసి ఉంచండి. బొమ్మల తెర రాకపోయినా అక్షరాల తెర మీద లోపలికి వెళ్లే దారి తెలుసుకున్నాకే చేయి వేయండి. ద్వారపాలకుడికి తప్పుడు ఆజ్ఞ ఇస్తే ఇంటి యజమానే బయట నిలబడాల్సి వస్తుంది.

మొదటిసారే 'పాస్‌వర్డ్ తప్పు' అని వస్తే వేలు జారిందని వెంటనే అనుకోకండి. ఆ యంత్రంలో నమ్మకమైన మార్గం మీటలుంటే వాటిని నొక్కి చూడండి. 1961లో యంత్రం మనిషిని 'నీవెవరు?' అని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నకు మనం రోజూ జవాబు చెబుతూనే ఉన్నాం. రహస్యం చెప్పేముందు 'మరి అడుగుతున్న నీవెవరు?' అని తిరిగి అడిగే హక్కు మనకూ ఉంది.